ఒంటి బర్నర్ పొయ్యి

కొత్తగూడ చౌరస్తా నుంచి కొండాపూర్ వెళ్ళే దారిలో, రెండో అంతస్తులో ఉన్న ఆ దుకాణానికి అంజమ్మ లాంటి మనిషి రావడం బహుశా అదే మొదటిసారి. గుడారాలు, కొండలెక్కే బూట్లు, నెత్తికి కట్టుకునే దీపాలు అమ్మే చోటది. వారమంతా ఏసీలో కూర్చుని, శనివారం వచ్చేసరికి అడవిలో దోమల చేత కుట్టించుకోవాలని ఉబలాటపడే సాఫ్ట్‌వేర్ పిల్లలు వస్తారక్కడికి. అంజమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి, చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని లోపలికి వచ్చింది. అక్కడ ఎవరూ చెప్పులు విప్పరని ఆమెకు తెలియదు.

కౌంటర్ వెనక ఉన్న కుర్రాడి పేరు చైతన్య. భీమవరం వైపు వాడు. మధ్యాహ్నం బేరాల్లేక ఫోన్ చూసుకుంటున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

“చెప్పండమ్మా, ఏం కావాలండి?”

“చిన్న గ్యాస్ పొయ్యి గావాలె బిడ్డా. గుట్టల పొంటి పోయి వండుకుంటరు జూడు, గసోంటిది.”

“క్యాంపింగ్ స్టవ్వా అండి? ఉన్నాయి. ఎంతమందికి వండాలి?”

అంజమ్మ మనసులో లెక్క వేసుకుంది. ఇంట్లో ముగ్గురు ఉండేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరు. ఈ పొయ్యి మాత్రం ఆ ఇద్దరి కోసం కాదు.

“ఒక్కనికి,” అంది.

“సోలో ట్రిప్పన్నమాట. ఎవరండీ, మీ అబ్బాయా? ఎంత దూరం వెళ్తున్నాడు?”

అడిగినవాడి తప్పేం లేదు, వచ్చిన ప్రతివాళ్ళనీ అదే అడుగుతాడు. దూరాన్ని బట్టే పొయ్యి. అయినా ఆ మాటకు అంజమ్మ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. “శాన దూరమే పోయిండు బిడ్డా. నువ్వు పొయ్యిలు జూపియ్యి,” అంది.

పోయింది ఆమె భర్త ఐలయ్య. నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీకి ఉద్యోగుల్ని తెచ్చి దింపే బండి నడిపేవాడు. పది రోజుల కిందట మధ్యాహ్నం షిఫ్టు పిల్లల్ని దింపి, కంపెనీ పార్కింగులో సీటు వెనక్కి వాల్చుకుని కాస్త నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు దవాఖానాలో. కిరాయి ఇంటి ఓనరు ఫోన్ చేసి, శవాన్ని గల్లీలోకి తేవద్దని ముందే చెప్పేశాడు. నగరంలో కిరాయికుండేవాడు బతికున్నన్నాళ్ళే ఆ ఇంటివాడు. అలా దవాఖాన నుంచి నేరుగా శ్మశానానికే పోయాడు ఐలయ్య. పదేళ్ళు ఉన్న ఇంటి గడప ముందు ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

పోనీ సొంత ఊరికి తీసుకుపోదామంటే ఊరు లేదు. ఎనిమిదేళ్ళ కిందటే రిజర్వాయరు నీళ్ళలో మునిగింది. అందుకే దినాలన్నీ నార్సింగి దాటాక మంచిరేవుల దగ్గర మూసీ ఒడ్డున చేస్తున్నారు. ఆ చోటు చూపించింది ఐలయ్య అన్న లింగమూర్తి. నార్సింగిలో ఒక పెద్ద అపార్టుమెంటుకు సెక్యూరిటీ గార్డు ఆయన. ఇంటి పెద్ద, ఆచారం విషయంలో మొండిఘటం.

వాళ్ళలో చనిపోయినవాళ్ళకు పిట్టకు పెట్టడమని ఒక ఆనవాయితీ ఉంది. మూడో రోజున, ఐదో రోజున, తొమ్మిదో రోజున, పదకొండో రోజున ఆరుబయట వండి, పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాడు తృప్తిగా తిన్నట్టు. ఆ తర్వాతే ఇంటివాళ్ళు తినాలి. ముట్టలేదా, మనసులో ఏదో కోరిక పెట్టుకుని పోయాడన్నమాట.

ఐలయ్య విస్తరిని కాకి ముట్టలేదు. మూడో రోజు కోడికూర పెట్టారు, ముట్టలేదు. ఐదో రోజు కల్లు, బీడీకట్ట, వేడి వేడి మిరపకాయ బజ్జీలు పెట్టారు. ఒక కాకి కరెంటు తీగ మీద కూర్చుని, మెడ వంచి తీరిగ్గా చూసి లేచిపోయింది. తొమ్మిదో రోజు మేకమాంసం, జొన్నరొట్టె. ఎక్కడినుంచో పావురాలు దిగి రొట్టె పొడిచాయి. ఈ నగరంలో అద్దాల మేడలు పెరిగినకొద్దీ పావురాలే పెరిగాయి కానీ కాకులెక్కడివి? పావురాలు ముడితే లెక్కలోకి రాదని లింగమూర్తి వాటిని తువాలుతో తరిమాడు. విస్తరి ముందు నిలబడి చేతులు జోడించి, “తమ్మీ, పిల్ల సదువుకు ఫికర్ జెయ్యకు. నేనున్న. పెండ్లి గూడ నేనే జేస్త. తినురా,” అని బతిమాలాడు. ముట్టలేదు. ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. “ఏందో మనసుల వెట్టుకొని పోయిండు పాపం,” అన్నారు.

అది ఏమిటో అంజమ్మకు తొమ్మిదో రోజు సాయంత్రం తట్టింది. పదకొండో రోజు కూడా కాకి ముట్టకపోతే ఇక పిలిచేది లేదు. విస్తరి తీసి ఆవుకు పెట్టి లేచిపోవాలి. కోరిక ఆయనతోనే ఉండిపోతుంది. మిగిలింది ఒక్క రోజు. అందుకే ఈ దుకాణానికి పరుగెత్తుకొచ్చింది.

చైతన్య మూడు పొయ్యిలు తెచ్చి గాజు బల్ల మీద పెట్టాడు.

“ఇది అన్నిటికంటే చిన్నదండి, గుప్పిట్లో పడుతుంది. గ్యాస్ డబ్బా నెత్తిన బిగించడమే. తేలిక, కానీ ఎత్తుగా ఉంటుంది కాబట్టి పెద్ద గిన్నె పెడితే ఒరుగుతుంది. గాలికి మంట చెదురుతుంది కూడా. ఇదేమో పెట్టె పొయ్యి. డబ్బా పక్కనే లోపల కూర్చుంటుంది, మన ఇంటి పొయ్యిలాగే నిలకడగా ఉంటుంది. కారుంటే ఇది సుఖం, మోసుకెళ్ళాలంటే బరువు. ఈ మూడోదానికి డబ్బా దూరంగా ఉంటుందండి, మధ్యలో ఈ గొట్టం. కింద కాళ్ళు వెడల్పు. చుట్టూ రేకు అడ్డం పెట్టుకున్నా డబ్బా వేడెక్కదు. గాలి ఉన్నచోట ఇదే మంచిది. ఏం వండుతారండి ప్రధానంగా?”

అంజమ్మ ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఐటీ టవర్లో పదమూడేళ్ళుగా హౌస్‌కీపింగ్ పని ఆమెది. ప్యాంట్రీలో రోజూ వందమంది అన్నం డబ్బాలు వేడి చేసి ఇచ్చిన చెయ్యి. గ్యాస్ పొయ్యికి వంక పెట్టాలంటే ఆమె తర్వాతే ఎవరైనా. కానీ ఈ బొమ్మల్లాంటి వాటిలో ఏది మంచిదో తేల్చుకోవడానికి ఆమె రాలేదు. ఐలయ్య తెచ్చినదేదో కావాలి.

“ఆర్నెల్ల కింద మా ఇంటాయన మీ తాననే ఒకటి కొనుకపోయిండు. తెల్లారి వాపస్ దెచ్చిచ్చిండు. గదే గావాలె బిడ్డా. గదెట్లుంటదో నేను మంచిగ జూడలే,” అని ఫోన్లో ఐలయ్య ఫొటో తీసి చూపించింది.

మంచిగా చూడలేదన్నది నిజం. విప్పి చూస్తే కదా. శని, ఆదివారాల్లో ఆ కంపెనీ పిల్లలు అనంతగిరి కొండలకు పోతే టెంపో ట్రావెలర్ తోలుకుపోయేవాడు ఐలయ్య. అక్కడ చూశాడు ఆ పొయ్యిని. చూసిన నాటి నుంచి అదే పాట. “గుట్ట మీద పొయ్యే ముట్టిచ్చిన్రే. పిలగాడు వండుతుంటే ఆని పెండ్లాం బండ మీద కాళ్ళు జాపుకొని కూసున్నది. ఎంత మంచిగనిపిచ్చిందో. మనం గూడ ఒక్క ఆదివారం పోదమా? వస్తవా?” అనేవాడు. “వాళ్ళకంటే పని లేదు, నాక్కూడ లేదా?” అనేది అంజమ్మ, చేతిలో పని ఆపకుండానే.

ఒకనాడు చెప్పకుండా కొనుక్కొచ్చేశాడు. పెట్టె చేత్తో పట్టుకుని, పండగనాడు కొత్తచొక్కా తొడుక్కున్న పిల్లవాడిలా వాకిట్లో నిలబడ్డాడు. ఆ కాంపౌండులో ఐదు కుటుంబాలు ఉంటాయి. నల్లా దగ్గర ఆడవాళ్ళంతా ఉన్నారు. అంజమ్మ పెట్టె చూసింది, నడుం మీద చెయ్యేసింది. ఆమె నోటి సంగతి నానక్‌రామ్‌గూడలో ఆ గల్లీకంతా తెలుసు.

“ఇంట్ల పొయ్యి లేదా? అడుక్కతినేటోళ్ళ తీర్గ రోడ్ల మీద వండుకుంటవా? జూడున్రి, యాభై ఏండ్లకు బొమ్మ కొనుక్కున్నడు నా మొగడు. తెల్లారేసరికి వాపస్ ఇచ్చి రాపో, లేకుంటే నేనే తీస్కపోయి చెర్వుల ఇసిరేస్త!”

నల్లా దగ్గర ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఐలయ్య కూడా నవ్వాడు. మర్నాడు తీసుకుపోయి ఇచ్చేశాడు. మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. ఆ రోజు ఆయన కోప్పడినా బాగుండేది, రెండు మాటలన్నా బాగుండేది. నవ్వి ఊరుకున్నాడే, ఆ నవ్వే ఈ పది రోజులుగా ఆమెను పీక్కుతింటోంది.

ఫొటో చూసి చైతన్య మొహం విప్పారింది. “ఈయనా! ఈయన్ని మర్చిపోతానా అండి? రెండు గంటలు నిలబెట్టారు నన్ను. కొనేది ఒక్క పొయ్యి, ప్రశ్నలు మాత్రం వంద. గాలికి ఆరిపోదా, ఇద్దరికి సరిపోతుందా, మంట ఎంత సన్నగా పెట్టొచ్చు, అన్నీ అడిగారు. రెండు బర్నర్లది కూడా ఉందండి మా దగ్గర. ఇంకో వెయ్యి వేసుకుంటే అదే వస్తుంది కదా, అన్నం కూర ఒకేసారి అయిపోతాయి, తీసుకోండి అన్నాను. అబ్బే, ససేమిరా అన్నారు. ఏమన్నారో తెలుసాండీ?” అని నవ్వుతూ ఐలయ్య గొంతు అనుకరించబోయాడు. “‘రెండున్నయంటే ఇంకోదాని మీద మా ఆమె కూర వెడ్తది. ఒక్కటే ఉండాలె. గరిటె నా చేతుల్నే ఉండాలె’ అన్నారండి!”

చైతన్య నవ్వాడు. అంజమ్మ నవ్వలేదు.

ఆ మాట నేరుగా వచ్చి ఆమె గుండెలో దిగింది. ఇరవై నాలుగేళ్ళు వండి పెట్టింది. చీకటితో లేచి ఆయన డబ్బా కట్టకుండా ఒక్కనాడు కూడా డ్యూటీకి పోలేదు. చివరికి ఆయన కోరుకున్నది ఇదా? ఆమె చెయ్యి పడని అన్నమా? ఒక్క పూటన్నా ఆమె పెత్తనం లేకుండా, ఆమె నోరు వినకుండా, ఎక్కడో గుట్ట మీద తన వంట తను వండుకు తినాలనా? అందుకే కాబోలు కోడికూర ముట్టలేదు, మేకమాంసమూ ముట్టలేదు. అన్నీ ఆమె వండినవే మరి.

“నా చెయ్యంటే గంత యాష్టకొచ్చిందా నీకు,” అంది. ఫొటోలో ఉన్న మనిషితో అంది కానీ, చైతన్యకు వినిపించింది.

“ఏమైందండీ? ఆయన బాగున్నారా?”

“రేపు పదకొండో దినం బిడ్డా.”

చైతన్య చేతిలో ఉన్న పొయ్యిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. లోపలి గదిలోకి వెళ్ళి చాలాసేపు వెతికాడు. ఒక మూల చిరిగిన అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు.

“ఇదేనమ్మా ఆయన తెచ్చిచ్చింది. పెట్టె చిరిగిన వస్తువు ఎవరూ కొనరండి, అలాగే ఉండిపోయింది. గొట్టం ఉన్న రకమే. ఆయన సరిగ్గానే ఎంచుకున్నారు.”

అంజమ్మ పెట్టె తెరిచి పొయ్యి బయటికి తీసింది. మడతపెట్టిన మూడు కాళ్ళు, మధ్యలో అరచేతిలో సగం ఉన్న బర్నరు. ఒక్కటే బర్నరు. దాన్ని కొంగుతో తుడిచింది. దాని మీద ఏ మురికీ లేదు. చైతన్య గ్యాస్ డబ్బా ఎలా బిగించాలో, మీట ఎటు తిప్పాలో, వంటయ్యాక డబ్బా ఎలా విప్పాలో రెండుసార్లు చేసి చూపించాడు. గాలి అడ్డం పెట్టే మడత రేకు కూడా ఇచ్చాడు. “రేపు వెలగకపోతే ఫోన్ చేయండమ్మా, నేనే వస్తాను,” అని పెట్టె మీద నంబరు రాశాడు.

మర్నాడు పొద్దున మూసీ ఒడ్డున అందరూ చేరారు. లింగమూర్తి ఎప్పటిలాగే మూడు ఇటుకలు, కట్టెలు సిద్ధం చేశాడు. అంజమ్మ అట్టపెట్టె తీసేసరికి ఆయన బొమముడి పడింది.

“గిదేంది అంజమ్మా? పొయ్యా, పోరగాండ్ల బొమ్మనా?”

“ఆయన కోరిక ఇదే బావా. ఈ పొయ్యి మీద, నా చెయ్యి వడకుంట వండింది తినాలనుకున్నడు. దుకాణపాయనకు జెప్పిండట. సంధ్య వండుతది. నేను ముట్ట.”

సంధ్య వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆ పిల్లకు వంట రాదు. ఎలా వస్తుంది? అంజమ్మ వంటింట్లోకి ఎవరినన్నా రానిస్తే కదా. బిడ్డ సాయానికి వస్తే “నువ్వు సదువుకోపో” అనేది. మొగుడు వస్తే చేతిలోంచి గంటె గుంజుకునేది. ఒక్కసారి మాత్రం, నాలుగేళ్ళ కిందట ఆమెకు జ్వరం వచ్చి మంచం దిగలేనప్పుడు, ఐలయ్య కోడిగుడ్ల పులుసు వండాడు. గిన్నెలో అన్నం కలిపి మంచం దగ్గరికి తెచ్చాడు. అంజమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, “ఉప్పెవరేస్తరు, మీ అయ్యనా?” అంది. అని ఊరుకోకుండా ఆ జ్వరంతోనే లేచి పులుసు మళ్ళీ కాచింది. ఆ తర్వాత ఐలయ్య పొయ్యి దగ్గరికి రాలేదు.

అదే గుర్తొచ్చి అంజమ్మ అంది, “గుడ్ల పులుసు వండు బిడ్డా. మీ బాపుకు వచ్చిన వంట గదొక్కటే.”

సంధ్య మూడు కాళ్ళూ విప్పి, నేల చదును చేసి పొయ్యి పెట్టింది. రేకు చుట్టూ నిలబెట్టింది. మీట తిప్పి అగ్గిపుల్ల గీస్తే నీలం మంట బుస్సున లేచింది. ముందు అన్నం వార్చాలి. అది దిగాక గుడ్లు ఉడకాలి. అవి దిగాక పులుసు. ఒక్కటే బర్నరు మరి, దేని తర్వాత ఏదో. లింగమూర్తి తన తువాలు ఒక బండ మీద పరిచి, “నువ్వు గిక్కడ కూసో అంజమ్మా, పొద్దటినుంచి నిలవడే ఉన్నవ్,” అన్నాడు. నిన్న రాత్రి నుంచి ఆమె ఏమీ తినలేదు. షుగరు మనిషి.

కూర్చుంది కానీ చేతులతో ఏం చేయాలో తెలియలేదు. ఉల్లిగడ్డలు పెద్ద పెద్ద ముక్కలు కోస్తోంది సంధ్య. అంజమ్మ నాలుక చివరిదాకా వచ్చింది మాట, మింగేసింది. నూనె కాగకుండానే ఆవాలు వేసింది ఆ పిల్ల. అంజమ్మ లేవబోయింది.

“అమ్మా, నువ్వు కూసో,” అంది సంధ్య.

కూర్చుంది. చింతపండు పులుసు పోశాక గంటె ఆడించడానికి మళ్ళీ చెయ్యి చాచింది, తెలియకుండానే. “నువ్వు కూసోమంటి గదనే అమ్మా! ఉన్నదొక్కటే పొయ్యి, నేను జూస్త!” అని సంధ్య విసుక్కుంది. గొంతు అచ్చం తండ్రిదే.

అన్నం, పులుసు, రెండు గుడ్లు విస్తట్లో పెట్టి రాతి మీద ఉంచారు. అందరూ దూరంగా జరిగారు. లింగమూర్తి కాకిని పిలిచాడు. అవతల ఔటర్ రింగురోడ్డు మీద బండ్ల హోరు. పావురాలు వచ్చాయి, తరిమారు. ఎండ నెత్తికెక్కింది. చింతచెట్టు మీద ఒక కాకి ఉంది. అది దిగలేదు. అర్ధగంట గడిచింది. ఇంకో అర్ధగంట. వెంట వచ్చిన ముసలమ్మ ఒకామె, “ఇగ ఆవుకు వెట్టున్రి,” అంది నెమ్మదిగా. సంధ్య మొహం చేతుల్లో పెట్టుకుని ఏడవసాగింది. “నేను మంచిగ వండలే పెద్దబాపూ, అందుకే ముడ్తలేదు,” అంది.

బిడ్డ ఏడుపు చూడలేక అంజమ్మ తల దించుకుంది. బండ మీద తన కాళ్ళు కనబడ్డాయి. మోకాళ్ళ నొప్పికి మడవలేక చాపుకుని కూర్చుంది. చేతిలో గంటె లేదు. ఎదురుగా చిన్న పొయ్యి, దాని పక్కన వేరొకరు వండిన అన్నం గిన్నె.

పిలగాడు వండుతుంటే ఆని పెండ్లాం బండ మీద కాళ్ళు జాపుకొని కూసున్నది. ఎంత మంచిగనిపిచ్చిందో.

ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో! పొయ్యి గురించి చెప్పిన ప్రతిసారీ అన్నాడు. ఆమె పొయ్యి మాటే విన్నది, బండ మాట వినలేదు. రెండు బర్నర్లుంటే ఇంకోదాని మీద ఆమె కూర పెడుతుందని ఆయన భయపడింది కూర తినాల్సి వస్తుందని కాదు, ఆమె లేవాల్సి వస్తుందని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పాపం ఐలయ్య ఇంట్లో ఆ గంటె గెలవలేకే రచ్చకు బయలుదేరాడు. ఇరవై నాలుగేళ్ళలో ఆమె కూర్చుని వేడన్నం తిన్న పూట లేదు. అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలింది, గోడకానుకుని నిలబడే తినేది. అది ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు. ఆయన పట్టించుకున్నాడు. ఒక్క పూట ఆమెను కూర్చోబెట్టి, తన చేత్తో వండి పెట్టాలనుకున్నాడు. దానికి పొయ్యి కొన్నాడు. రెండు గంటలు నిలబడి ఎంచి ఎంచి కొన్నాడు. దాన్ని చెరువులో విసిరేస్తానంది.

అంజమ్మ నోట్లోంచి ఒక కేక వచ్చింది. పది రోజులుగా అంత గట్టిగా ఏడవలేదు ఆమె. రొమ్ము బాదుకుంది. “అయ్యో నా తండ్రీ, నీకాకలి గాదా! నాకు వెడ్దమనుకున్నవా! చెప్పకపోతివి గదయ్యా, ఒక్క మాట చెప్పకపోతివి!” అని ఏడ్చింది. చెప్పాడని ఆమెకూ తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఏడ్చి ఏడ్చి కొంగుతో మొహం తుడుచుకుంది.

“సంధ్యా, నాకింత అన్నం వెట్టు.”

లింగమూర్తి అదిరిపడ్డాడు. “ఏం మాట అది! పిట్ట ముట్టకముందు ఇంటిది ఎంగిలి చేస్తదా? ఏడనన్న ఉన్నదా? వాని ఆత్మ ఘోషిస్తది అంజమ్మా!”

“ఆయన తినేతందుకు కొనలే బావా ఈ పొయ్యి. నన్ను కూసోబెట్టి పెట్టేతందుకు కొన్నడు. నేను తినంది ఆయనెట్ల తింటడు? పాపం దాకితే నాకే దాకనీ. పెట్టు బిడ్డా.”

సంధ్య పెదనాన్న వైపు చూసింది, తల్లి వైపు చూసింది. పళ్ళెంలో అన్నం వడ్డించి, పులుసు పోసి, గుడ్డు వేసి, బండ దగ్గరికి తెచ్చి తల్లి చేతికిచ్చింది. అన్నం చల్లారిపోయింది. అంజమ్మ కాళ్ళు ఇంకాస్త బారుగా చాపుకుంది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కలుపుకుంది. అందరూ చూస్తుండగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. లింగమూర్తి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రెండో ముద్ద తింది. మూడోది తింది. కన్నీళ్ళు పళ్ళెంలో పడుతున్నాయి, తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే తినడం ఆపాలి.

“అమ్మా!” అంది సంధ్య. “అమ్మా, అటు జూడు.”

చింతచెట్టు మీది కాకి దిగింది. రాతి చివర వాలి, రెండడుగులు గెంతి, విస్తట్లోంచి ఒక మెతుకు ముక్కున కరుచుకుంది. ఆ వెంటే గుడ్డు పొడిచింది. ముసలమ్మ “ముట్టింది, ముట్టింది!” అని చేతులు జోడించింది. లింగమూర్తి నేల మీద చతికిలబడి, “తింటున్నడు, నా తమ్ముడు తింటున్నడు,” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అంజమ్మ మాత్రం అటు చూడలేదు. వంచిన తల ఎత్తకుండా తింటూనే ఉంది. పళ్ళెం ఖాళీ అయ్యాక ముందుకు చాపింది.

“ఇంకింత పెట్టు,” అంది.

సంధ్య వడ్డిస్తూ భయం భయంగా అడిగింది. “ఎట్లున్నది అమ్మా?”

పులుసులో ఉప్పు లేదు. తక్కువ కావడం కాదు, ఆ పిల్ల వేయడమే మరిచిపోయింది. ఉప్పు పొట్లం విప్పకుండా అక్కడే, పొయ్యి పక్కనే ఉంది. అంజమ్మ ఆ పొట్లం వైపు చూసింది, నీలం మంట ఆరిపోయిన పొయ్యి వైపు చూసింది.

“మంచిగున్నది,” అంది. “శాన మంచిగున్నదయ్యా.”